పొయ్యి మీదుగా పొలిమేర

నెదర్ మార్లీ పారిష్ పొలిమేర
వాగు దాటి, ముళ్లకంచె వెంట వచ్చి
డోర్కస్ పాబ్జాయ్ పెరటి తలుపులోంచి ఇంట్లోకి దూరి
పొయ్యిని రెండుగా చీల్చి
కిటికీలోంచి బయటపడి
గొర్రెల దారిన కొండెక్కుతుంది.

చర్చి పెట్టెలో, మూడు తాళాల కింద,
ఎలుకలు అంచు కొరికిన తోలు పటంలో ఉందిది.
ముందు గీతో, ముందు ఇల్లో ఎవరికీ తెలీదు.
గీసినవాడికి ఆకలేసి
వంట వాసన వెంట పోయుంటాడని మా తాత అనేవాడు.

మూడేళ్లకోసారి మే నెలలో
విల్లో బెత్తాలు పట్టుకుని ఊరంతా పొలిమేర తొక్కేది.
రాయి రాయి దగ్గరా ఆగి
ఓ కుర్రాణ్ణి తలకిందులుగా ఎత్తి
రాతికి నెత్తి తాకించి
చేతిలో ఒక పెన్నీ పెట్టేవారు.
కాగితం మరిచిపోతుంది, బొప్పి మరిచిపోదు. అదీ లెక్క.
ఏడో రాయి దగ్గర నన్నెత్తినవాడు ఈనాక్ టర్వీ.
డెబ్బై ఏళ్లయింది.
దాని మీద నాచు ఎటువైపు మెత్తగా ఉంటుందో
ఇప్పటికీ నా మాడుకి తెలుసు.

డోర్కస్ ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం.
పాదిరిగారు అంగీ ఎగ్గట్టి కిటికీ దూకేవారు,
వెనకాలే గంటలు కొట్టే ఆరుగురూ,
వాళ్ల వెనక కుక్కలు.
ఆవిడ పొయ్యికి అటు నిలబడి
"పక్క పారిష్‌లోంచి పెడుతున్నా, తినండి" అంటూ
ఎండుద్రాక్ష రొట్టె తుంచి ఇచ్చేది,
అప్‌కాట్ పిండి, మార్లీ ఉప్పు.

నవ్వులాట కాదు, ఒకప్పుడు గీతకి ఖరీదుండేది.
ఇవతల కాన్పయితే బిడ్డ తిండి మా చర్చి నెత్తిన,
అవతలైతే వాళ్ల నెత్తిన.
నేను చూసుకునే రిజిస్టరులో ఒక వరస,
సిరా తుప్పురంగుకి తిరిగింది:
"జనవరి. దేశదిమ్మరి స్త్రీ, పేరు చెప్పలేదు.
నిండు నెలలు. నాలుగు పెన్నీలిచ్చి
వాగు దాటించడమైనది."

దాటించడమైనది.
ఎవరు? చెయ్యి పట్టుకునా, కర్రతోనా?
అప్‌కాట్ రిజిస్టరు కూడా తెప్పించి తిరగేశాను.
ఆ ఏడాదీ లేదు, మరుసటి ఏడాదీ లేదు.
వాగు మాత్రం మోకాలి లోతే.

మొన్న ఫిబ్రవరిలో డోర్కస్ పోయింది.
మెట్లెక్కలేక మంచం పొయ్యి పక్కకి దింపించుకుంది కదా,
తల మార్లీలో, కాళ్లు అప్‌కాట్‌లో.
"తల ఎటుంటే మనిషి అటు" అన్నాడు
మా గోతులు తవ్వే జెత్రో.
"నడిచిన కాళ్లే మనిషి" అన్నాడు వాళ్ల ఆంబ్రోస్.
పబ్బులో రెండు రాత్రులు వాదించుకుని
పౌరుషానికి చెరో గొయ్యీ తవ్వేశారు.
ఇప్పటి పాదిరిగారు, ఏడు చర్చిలకి ఆవిడొక్కతే,
కారు వెనక సీటు నిండా బురదబూట్లూ కీర్తనల పుస్తకాలూ,
ఫోనులో అంతా విని
"రెండు చోట్లా నేనేగా వచ్చేది, ఎటైనా సరే,
గురువారం మాత్రం కుదరదు" అంది.

శుక్రవారం మార్లీలోనే పెట్టాం, యూ చెట్టు కింద.
అప్‌కాట్ గొయ్యి వారం రోజులు తెరిచే ఉంది, వాననీళ్లతో.
ఓ సాయంత్రం వాగు దాటి వెళ్లాను.
పూడ్చడానికి ఆంబ్రోస్ పార తెచ్చాడు.
మొదటి గుప్పెడు నేను వేస్తానన్నాను.
ఎవరికని అడగలేదు అతను.
టోపీ తీశాడు.

ఈ మే నెలలో పదకొండుమందిమి.
డోర్కస్ ఇంట్లో ఇప్పుడు బ్రిస్టల్ నుంచి వచ్చినవాళ్లు,
కిటికీ తీసి, కుర్చీ కూడా వేశారు పాపం.
నా మోకాళ్లు ఒప్పుకోలేదు, తలుపులోంచే వచ్చాను.
వాళ్ల పిల్ల, ఏడేళ్లుంటాయి, మా వెంట పడింది.
పిల్లల్ని ఎత్తకూడదని ఇప్పుడు నిబంధన.
అయినా ఏడో రాయి దగ్గర
తనంతట తనే వంగి నెత్తి ఆనించి
చెయ్యి చాపింది.

జేబులన్నీ వెతికాను.
ఒక్క పెన్నీ లేదు.